పొగడపువ్వు దావా

మాణిక్యాంబకు అమెరికా కోర్టు నుంచి పిలుపు వచ్చిందన్న వార్త ఊరంతా పాకడానికి పూట కూడా పట్టలేదు. రెండు వేల ఒకటో సంవత్సరం, దాళ్వా, అంటే రెండో పంట ఊడ్పులు అయిపోయి జనం కాస్త తీరుబడిగా ఉన్న రోజులు. నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే రోడ్డు పక్కన ఉన్న ఆ ఊళ్ళో అంతవరకూ కోర్టు మొహం చూసినవాళ్ళంటే గట్టు తగాదాలవాళ్ళే. వాళ్ళు చూసిందీ నరసాపురం కోర్టే. అలాంటిది సముద్రాలకు అవతల ఉన్న కోర్టు, అరుగు మీద కూర్చుని లేసు అల్లుకునే ఆడమనిషిని పేరు పెట్టి పిలవడమేమిటి? మాణిక్యాంబను విమానంలో తీసుకెళ్తారని పాలకేంద్రం దగ్గర తేల్చేశారు. కాదు, సంకెళ్ళు వేసి తీసుకెళ్తారని టీకొట్టు దగ్గర తేల్చారు. రెండు వర్గాలకూ రాజీ కుదరలేదు.

మాణిక్యాంబ అప్పటికి యాభై దాటిన మనిషి. పుట్టింది ద్రాక్షారామంలో. అక్కడి అమ్మవారి పేరే పెట్టారు. పెళ్ళయ్యాక గోదావరి పాయలు దాటుకుని ఈ వైపుకు వచ్చింది. ఆమె భర్త పేరు పల్లంరాజు. ఈ సంగతి కథ చెప్పేవాళ్ళు చెప్పాల్సిందే గానీ ఆమె నోట రాదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని పెళ్ళినాడే తల్లి చెవిలో వేసింది. ఆ తరం ఆడవాళ్ళందరికీ తల్లులు ఆ మాట చెప్పారు. కొందరు కాలంతోపాటు కాస్త సడలించుకున్నారు. మాణిక్యాంబ సడలించలేదు సరికదా, ఇంకో మెలి బిగించింది. ఆయన పేరులో ఉంది కదాని పల్లం అనే మాటనే వదిలేసింది. ఊళ్ళో అందరికీ పల్లపు చేలుంటే ఆమెకు మాత్రం దిగువ చేను ఉండేది. ఆమె చెబితే నీళ్ళు కూడా దిగువకే పారేవి.

పల్లంరాజుకు ఇదంతా ముచ్చటగానే ఉండేది. సొంత చేను కొంచెం, కౌలు చేను కొంచెం చేసుకునే రైతు ఆయన. గొంతు పెద్దది, మాటలు ఎక్కువ. ఆయన చేలో నిలబడి ఇంట్లో మనిషితో మాట్లాడగలడని, అందుకే ఫోను పెట్టించుకోలేదని ఊళ్ళో వేళాకోళం చేసేవాళ్ళు. భార్యను నోరారా మాణిక్యం అని పిలిచేవాడు. ఆమె మాత్రం ఏవండీ అనేది, మరీ దూరంగా ఉంటే గిన్నె మీద గరిటెతో చప్పుడు చేసేది.

ఇక లేసు సంగతి. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు వంటా వార్పూ అయ్యాక కొక్కెం సూదీ నూలు ఉండా పట్టుకుని అరుగుల మీద చేరతారు. మాణిక్యాంబకు ఆ పని అత్తగారు నేర్పింది. చాలా ఏళ్ళు అందరూ అల్లేవే ఆమే అల్లింది. పెద్దకూతురు పెద్దమనిషైనప్పుడు కథ మారింది. ద్రాక్షారామంలో తన వేడుకకు తల్లి పొగడపూలు గుచ్చి జడకు చుట్టింది. కూతురికీ అలాగే చుట్టాలని ఆమె పట్టుపట్టింది. ఈ ఊళ్ళో వెతికితే ఒక్క పొగడచెట్టు లేదు. పల్లంరాజు సైకిలేసుకుని నాలుగూళ్ళు తిరిగొచ్చి, మల్లెపూలతో సరిపెట్టుకోమన్నాడు. సరిపెట్టుకునే మనిషైతే ఈ దావాయే ఉండేది కాదు. సూది తీసుకుని తెల్లనూలుతో పొగడపూలు అల్లడం మొదలుపెట్టింది. రంపపు పళ్ళలాంటి అంచు, నడుమ దారం దూరేంత చిల్లు, చిటికెనవేలి గోరంత పువ్వు. కుదరకపోతే విప్పింది, మళ్ళీ అల్లింది. వేడుకనాటికి కూతురి జడ నిండిపోయింది. వచ్చినవాళ్ళు పూలను వాసన చూసి, వాసన రాకపోయేసరికి వేళ్ళతో తడిమి చూశారు. ఆ రోజు మాణిక్యాంబ ఎంత మురిసిపోయిందో చెప్పడం కష్టం.

ఆ పూలను చూసి కళ్ళు పెద్దవి చేసుకున్న ఇంకో మనిషి లేసు ఏజెంటు. సైకిలు మీద ఊరూరా తిరిగి అల్లిన లేసు పోగుచేసుకుని నరసాపురంలో ఇచ్చేవాడు. విధి కాకపోతే ఏంటి, ఆయన పేరూ పల్లంరాజే. ఆ పేరు పలకలేక మాణిక్యాంబ ఆయనకు సైకిలాయన అని పేరు పెట్టింది. అది ఎంత స్థిరపడిందంటే, కొన్నాళ్ళకు ఊళ్ళో అందరికీ ఆయన సైకిలాయనే అయ్యాడు. ఆయన గుప్పెడు పొగడపూలు పట్టుకెళ్ళి, అమెరికాలో తనకు తెలిసిన కంపెనీకి శాంపిళ్ళుగా పంపాడు. తర్వాత ఆ పువ్వుకు గిరాకీ మొదలైంది. పువ్వుకు పువ్వు అతికి బల్లల మీద పరిచే గుడ్డలు చేయాలి. మాణిక్యాంబ వీధి వీధంతటికీ నేర్పింది. పక్కింటి లోవమ్మ దగ్గర నుంచి చివరింటి కొత్తకోడలి దాకా అందరూ ఆ పువ్వే అల్లారు. అందరి పనీ పోగుచేసి సైకిలాయనకు అప్పగించేది మాణిక్యాంబ ఒక్కతే. మిగతావాళ్ళకు ఆయనతో మాటే లేదు.

తొంభై ఆరు తుపానులో సైకిలాయన పోయాడు. లేసు తెద్దామని రాజోలు వైపు వెళ్ళినవాడు కూలిన కొబ్బరిచెట్టు కింద పడి నలిగిపోయాడు. గాలి తగ్గాక ఎవరో కాలవ గట్టు మీద పరిగెత్తుతూ, పల్లంరాజు పోయాడంట అని అరుచుకుంటూ వచ్చారు. మాణిక్యాంబ భర్త ఆ వేళకి చేలో ఉన్నాడు. ఆమె విన్నచోటనే కూలబడింది. లోవమ్మ నీళ్ళు చల్లుతుండగా, మోకాళ్ళదాకా బురదతో పల్లంరాజు గుమ్మంలో నిలబడి ఏమైందని అడిగాడు. ఆమె లేచి ఆయన చెంపలు తడిమి చూసి, అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఆ పేరు తల్లి చెప్పిన నియమం. ఆ రోజు నుంచి అది నిజంగా ప్రాణం తీసే పేరైపోయింది ఆమెకు.

ఇప్పుడు దావా. ఆ అమెరికా కంపెనీ పొగడపువ్వుకు వింటర్ స్టార్ అని పేరు పెట్టుకుని, అది తమ డిజైనరు గీసిన నమూనా అని అక్కడి ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకుంది. శీతాకాలపు నక్షత్రమట. ద్రాక్షారామంలో చెమటలు కారే వేసవిలో రాలే పువ్వుకి ఎంత చక్కని పేరో చూడండి. అమెరికాలోనే ఇంకో వ్యాపారి నరసాపురం నుంచి ఈ పూల గుడ్డలు తెప్పించి అమ్ముతుంటే, మా నమూనా దొంగిలించావని కంపెనీ అతని మీద దావా వేసింది. తేలేదాకా ఆ పువ్వున్న గుడ్డ ఏదీ దేశంలోకి రాకూడదని అక్కడి కోర్టు ఆపింది. పెట్టెలు రేవులో ఉండిపోయాయి. నరసాపురంలో నూలు ఇవ్వడం మానేశారు. వీధిలో సూదులన్నీ గూళ్ళలోకి చేరాయి. దావా కంపెనీ గెలిస్తే మాణిక్యాంబ అల్లిన పువ్వును మాణిక్యాంబే అల్లడానికి వీల్లేదు. ఆ మాట విన్నప్పుడు ఆమెకు దుఃఖం రాలేదు, ఒళ్ళు మండింది.

ఇదంతా వచ్చి విడమరిచి చెప్పింది సత్యకుమారి. నరసాపురంలో ప్రాక్టీసు చేసే చిన్న వయసు లాయరు, అమెరికా వ్యాపారి తరపున ఇక్కడి పనులు చూస్తోంది. అక్కడా మనలాగే కేసులు రెండు రకాలని ఆమె అరుగు మీద కూర్చుని చెప్పింది. ఖూనీలూ దొంగతనాలూ అయితే సర్కారే కేసు పెట్టి జైలుకి పంపుతుంది. రెండోది ఒకళ్ళ మీద ఒకళ్ళు వేసుకునే దావా. ఇది రెండోది, ఇందులో జైలు లేదు. పైగా మాణిక్యాంబ ముద్దాయి కాదు, సాక్షి. అమెరికాకూ వెళ్ళక్కర్లేదు. అక్కడి కోర్టు కోరితే మన హైకోర్టు రాజమండ్రిలో ఒక పెద్ద వకీలును సాక్ష్యం నమోదు చేసే కమిషనరుగా వేసింది. ఇరుపక్షాల లాయర్లూ అక్కడికే వస్తారు, ఆమె చెప్పేది వీడియో తీసుకుని వెళ్తారు. విమానమూ లేదు, సంకెళ్ళూ లేవని తెలిసి పాలకేంద్రమూ టీకొట్టూ ఒకేసారి చిన్నబోయాయి.

గెలుపు ఎక్కడుందో కూడా సత్యకుమారి చెప్పింది. కంపెనీలో పూర్వం పనిచేసి రిటైరైన ముసలాయన ఒకడు, నరసాపురం నుంచి ఒక మనిషి తనకు పువ్వుల శాంపిళ్ళు పంపేవాడని అక్కడ వాంగ్మూలమిచ్చాడు. ఆ మనిషి పేరూ చెప్పాడు. ఆ పేరే ఇక్కడ మాణిక్యాంబ నోట, ఎవరూ అందించకుండా రావాలి. అప్పుడు పువ్వు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో గొలుసు కలుస్తుంది.

సాక్ష్యంలో తడబడకుండా ఉండటానికి ముందు నుంచీ తర్ఫీదు పెట్టారు. పల్లంరాజు ఎదుటి పక్షం లాయరు వేషం కట్టాడు. కండువా మెడకు టైలా చుట్టుకుని గదమాయించి అడిగేవాడు. లోవమ్మ జడ్జిగారు. వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరి నవ్వేవాళ్ళు. పువ్వు ఎవరు అల్లారు? నేనేనండి. ఎప్పుడు? ఎనభై ఆరు వరదలకి ముందేడండి. ఎవరికిచ్చారు? సైకిలాయనకండి. సత్యకుమారి తల ఊపి, బాగుంది, అలాగే చెప్పండి అనేది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు, ఎన్నిసార్లు విన్నా అదే బాగుంది. సైకిలాయన ఎవరో అక్కడ అందరికీ తెలుసు. తెలిసినవాళ్ళ మధ్య తర్ఫీదు ఇస్తే వచ్చే చిక్కే అది. లోవమ్మకు తట్టలేదు, ఎల్‌.ఎల్‌.బి. చదివిన సత్యకుమారికీ తట్టలేదు.

ఆ రోజు రానే వచ్చింది. కారు పంపుతామంటే మాణిక్యాంబ వద్దంది, కారెక్కితే తల తిరుగుతుందని. తెల్లవారుతూనే నరసాపురంలో రైలెక్కి నిడదవోలులో మారారు. వీధిలో సగం మంది సాగనంపడానికి స్టేషనుకు వచ్చారు. లోవమ్మ తన పెళ్ళినాటి జరీచీర ఇచ్చి కట్టుకోమంది. నిడదవోలు ప్లాట్‌ఫారం మీద పల్లంరాజు ఎదురుపడ్డ ప్రతివాడికీ, మా ఆవిడ అమెరికా కోర్టులో సాక్ష్యానికెళ్తోందండి అని చెప్పాడు. అడగనివాళ్ళకు రెండుసార్లు చెప్పాడు. గోదావరి మీదుగా రైలు వెళ్తున్నంతసేపూ మాణిక్యాంబకు గుండె దడదడలాడింది. భయమో సంబరమో ఆమెకే తెలియలేదు.

కమిషనరుగారి ఆఫీసు దానవాయిపేటలో. హాల్లో పొడుగాటి బల్ల, ఒక చివర కెమెరా. కమిషనరుగారు నెరిసిన జుట్టు పెద్దమనిషి. మన పక్షం అమెరికా లాయరు సన్నగా, పొడుగ్గా, ఎండకు ఎర్రబడి ఉన్నాడు. ఆయన పక్కనే సత్యకుమారి. ఎదుటి పక్షానికి ఒక లాయరమ్మ. పొట్టి జుట్టు, చల్లని నవ్వు, ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూసే చూపు. మాటలు అటూ ఇటూ చేయడానికి రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు జోగేశ్వరరావుగారు. ఆయన చేత ముందే ప్రమాణం చేయించారు. విన్నది విన్నట్టు అనువదించాలి తప్ప సొంతంగా ఒక్క మాట చేర్చకూడదు, తీయకూడదు. సాక్షి ఇంటివాళ్ళెవరూ లోపల ఉండకూడదని పల్లంరాజును వసారాలో బల్ల మీద కూర్చోబెట్టి తలుపు మూశారు.

మొదటి పూట పండగలా గడిచింది. మాణిక్యాంబ భీమేశ్వరస్వామి మీద ప్రమాణం చేసింది. పువ్వు చూపిస్తే నవ్వింది. పెద్దకూతురి వేడుక, దొరకని పొగడపూలు, జడ, అన్నీ చెప్పింది. జోగేశ్వరరావుగారు ఇంగ్లీషులో చెబుతుంటే పొడుగు లాయరు మొహం వెలిగిపోయింది. ఇంత సులువా అనుకుంది ఆమె. ఆ మాటే అనుకోకూడదు.

లాయరమ్మ వంతు వచ్చింది. మెత్తగా మొదలుపెట్టింది. పువ్వు ఎవరికి ఇచ్చారు? సైకిలాయనకండి. సైకిలున్న మనిషికి అని జోగేశ్వరరావుగారు అనువదించారు. లాయరమ్మ కిటికీ వైపు చూసింది. వీధిలో వెళ్ళేవాళ్ళందరూ సైకిలున్న మనుషులే. ఆయన పేరేంటని అడిగింది.

మాణిక్యాంబ నోరు తెరిచింది. మూసింది. అప్పటిదాకా ఆమెకు తట్టనేలేదు. సత్యకుమారికి ఆ క్షణంలో తట్టింది. చేతిలో పెన్ను బల్ల మీద పడిపోయింది.

“ఆ పేరు నేను పలక్కూడదండి” అంది మాణిక్యాంబ.

ఉన్నదున్నట్టు అనువాదమైంది. లాయరమ్మ కళ్ళు తళుక్కుమన్నాయి. పలకకూడదని మీకు ఎవరు చెప్పారు? మా అమ్మండి. ఎప్పుడు చెప్పింది? నా పెళ్ళినాడండి. మీ అమ్మకు ఆ మనిషి తెలుసా? మా అమ్మకెలా తెలుస్తాడండి, అప్పటికి ఆయన నిక్కర్లేసుకుని తిరుగుతూ ఉండుంటాడు. లాయరమ్మ నవ్వు మాయమైంది. జోగేశ్వరరావుగారికి చెమటలు పట్టాయి. ఆయనకు సంగతి పూర్తిగా అర్థమైంది. కమిషనరుగారికీ అర్థమైంది, బంట్రోతుకూ అర్థమైంది. అర్థం కావలసిన అమెరికా లాయర్లిద్దరికే అర్థం కాలేదు, చెప్పడానికి మిగతావాళ్ళకు హక్కు లేదు.

మా ఇంట్లో ఆయన పేరూ అదేనండి, మొగుడి పేరు ఆడది పలక్కూడదండి అని మాణిక్యాంబే విప్పి చెప్పింది. అయితే మీ భర్త పేరేంటని అడిగింది లాయరమ్మ. అదేనండి ఆ పేరేనండి. అయితే సైకిలు మనిషి మీ భర్తేనా? అయ్యో, కాదండి. మాట గానుగెద్దులా అక్కడక్కడే తిరిగింది. సత్యకుమారి ఉండబట్టలేక, భర్త పేరు సమన్లలోనే ఉంది కదా అంది. సమన్లు నింపింది మీ పక్షం, నాకు సాక్షి నోటి మాట కావాలి అంది లాయరమ్మ. అసలు అలాంటి మనిషే లేడని, ఉంటే పేరు చెప్పడానికి అడ్డేమిటని, జవాబు ఇవ్వకపోతే మొత్తం సాక్ష్యాన్నే కొట్టేయమని కోర్టును అడుగుతానని చెప్పింది. కోపంగా చెప్పలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

కమిషనరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అమ్మా, నేను మిమ్మల్ని చెప్పమనీ అనలేను, మానమనీ అనలేను. చెబితే రాస్తాను. చెప్పకపోతే చెప్పలేదని రాస్తాను.”

మాణిక్యాంబ పుస్తెలు గుప్పిట్లో పట్టుకుంది. తుపాను రోజు కాలవ గట్టు మీద వచ్చిన ఆ అరుపు చెవుల్లో మోగింది. తలుపుకు అవతల ఆయన ఉన్నాడు. పొద్దున్న స్టేషనులో ఇడ్లీ తింటూ ఎంత కులాసాగా ఉన్నాడు. ఒక్క మాటకు ఆయనకేమైనా అయితే? పోనీ, ఇలాగే లేచి వెళ్ళిపోతే? ఊరికెళ్ళి లోవమ్మకు ఏం చెబుతుంది? మన పువ్వు మనది కాదు, ఎవరో అమెరికాలో గీశారట అని చెబుతుందా? కూతురి జడలో ఆ పూలు ఆమెకు కనిపించాయి. ఒళ్ళు మళ్ళీ మండింది. భీమేశ్వరా, ఆయన్ని నువ్వు చూసుకో, నా పువ్వుని నేను చూసుకుంటాను అని మనసులో అనుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

“పల్లంరాజు.”

నెమ్మదిగా చెబుదామనే అనుకుంది. పెళ్ళయినప్పటి నుంచీ గొంతులో అణిగి ఉన్న పేరు, నెమ్మదిగా రమ్మంటే వస్తుందా? కిటికీ రెక్క అదిరేలా వచ్చింది. కెమెరా పట్టుకున్న కుర్రాడు ఉలిక్కిపడ్డాడు.

దడాలున తలుపు తెరుచుకుంది. “ఆయ్, వచ్చానండి” అంటూ పల్లంరాజు, కండువా సవరించుకుని, చేతులు కట్టుకుని లోపల నిలబడ్డాడు. కోర్టులో బంట్రోతు పేరు పెట్టి పిలిస్తే వెంటనే హాజరు కావాలని, లేకపోతే వాయిదా పడుతుందని గట్టు తగాదాలవాళ్ళు ఆయనకు బాగా నూరిపోశారు. తనను పిలిచింది ఎవరా అని చుట్టూ చూశాడు.

లాయరమ్మ ఈయనెవరని అడిగింది. సాక్షి భర్త అని కమిషనరుగారు చెప్పారు. ఎందుకొచ్చాడు? పేరు పిలిస్తే వచ్చాడు. పొడుగు లాయరు లేచి నిలబడి, ఆనందం ఆపుకోలేని గొంతుతో, సాక్షి ఆ పేరు పలకగానే వసారాలో ఉన్న ఆమె భర్త తన పేరనుకుని లోపలికి వచ్చాడని రికార్డులో రాయమన్నాడు. కమిషనరుగారు రాయించారు. జోగేశ్వరరావుగారు అనువదించబోయి నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళు అడిగారు. లాయరమ్మ కాసేపు భార్యాభర్తలిద్దరినీ మార్చి మార్చి చూసింది. రిటైరైన ముసలాయన చెప్పిన పేరు ఆమెకూ తెలుసు. పెన్ను మూత పెట్టి, ఇక ప్రశ్నలు లేవంది.

పల్లంరాజుకు అప్పటికి గానీ అర్థం కాలేదు. మాణిక్యాంబ కళ్ళు ఇంకా తెరవలేదు, చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. “నువ్వా పిలిచింది?” అన్నాడు. ఆ గొంతు ఆయన గొంతులా లేదు.

తిరుగు ప్రయాణమంతా మాణిక్యాంబ ఆయన్ని కంటికి రెప్పలా కాసింది. రోడ్డు దాటుతుంటే చెయ్యి వదల్లేదు. రైలు గుమ్మం దగ్గర నిలబడనివ్వలేదు. నిడదవోలులో బజ్జీలు తినబోతే గొంతుకు అడ్డం పడతాయని లాక్కుంది. పల్లంరాజు కిక్కురుమనకుండా కూర్చున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం చూసి ఆమెకు ఇంకా దడ పుట్టింది. జ్వరమేమోనని నుదురు తడిమి చూసింది. జ్వరం లేదు, ఊరికే కూర్చుని నవ్వుకుంటున్నాడు. ఆ వారమంతా ఆయన తుమ్మినా ఆమెకు నిద్ర లేదు. ఆయనేమో రెట్టింపు తిన్నాడు, చేలో రెట్టింపు అరిచాడు.

తీర్పు మరుసటి ఏడు వచ్చింది. సత్యకుమారి స్కూటరు దిగుతూనే గెలిచామని చెప్పేసింది, ఇంక దాచుకునే ఓపిక లేక. వీధంతా అరుగు ముందు చేరింది. లోవమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆ పువ్వు కంపెనీ సొత్తు కాదని, అది గోదావరి దగ్గర ఒక తల్లి కూతురి జడ కోసం అల్లిందని అక్కడి జడ్జి తేల్చారు. రేవులో పెట్టెలు వదిలేయమన్నారు. నూలు రేపే వస్తుందని సత్యకుమారి చెప్పింది. తర్వాత తీర్పులో ఒక చోట వేలు పెట్టి, ఇది మీరు వినాలండి అంటూ తెలుగులో చదివింది.

“ఈ సాక్షి చెప్పిన మాటలన్నింటిలో నేను ఎక్కువగా నమ్మింది ఆమె చెప్పనన్న మాటను. అబద్ధం ఆడదలచిన మనిషికి ఆ పేరు చెప్పడం సులువు. ఈమెకు అది భర్త ప్రాణంతో సమానమైన పని. అయినా ప్రమాణం చేసింది కనుక చెప్పింది.”

ఆ రోజు రాజమండ్రిలో తనను ఎవరూ అర్థం చేసుకోలేదనుకుంది మాణిక్యాంబ. ఎప్పుడూ చూడని ఒక మనిషి, భాష తెలియని మనిషి, సముద్రాల అవతల కూర్చుని అర్థం చేసుకున్నాడు. ఆమెకు గుండె నిండిపోయింది. కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి, గూట్లోంచి సూది తెచ్చుకుని కూర్చుంది. ఆడవాళ్ళంతా సూదుల కోసం ఇళ్ళకు పరిగెత్తారు.

అందరూ వెళ్ళాక పల్లంరాజు మెల్లిగా పక్కన చేరాడు.

“అమెరికా జడ్జిగారు విన్నారు, లాయరమ్మ వింది, బంట్రోతు విన్నాడు. నాకు మాత్రం తలుపు చాటున సరిగ్గా వినపడలేదు, మాణిక్యం. ఒక్కసారి, ఇంకొక్కసారి అను.”

మాణిక్యాంబ పువ్వు మీద నుంచి తల ఎత్తలేదు. ఆయన నిక్షేపంగా ఉన్నాడు, ఏడాదిగా ఉన్నాడు, ఆమెకు ఇప్పుడు ఏ భయమూ లేదు. అయినా అడగ్గానే అంత తేలిగ్గా ఆ పేరు ఇవ్వదలచుకోలేదు.

“కావాలంటే నా మీద దావా వెయ్యండి” అంది. “ప్రమాణం చేయించి అడిగితే, అప్పుడు చెబుతాను.”